ప్రేక్షకుణ్ణి కుర్చీకి కట్టేసిందెవరు?

ప్రేక్షకుడు రావడం లేదట.

తెలుగు నాటకరంగ దినోత్సవమని ఏప్రిల్ 16 వచ్చిందంటే చాలు, కందుకూరి వీరేశలింగం పటానికి దండ వేసి మైకు అందుకున్న ప్రతి పెద్దమనిషిదీ ఇదే ఏడుపు. నాటకాన్ని సినిమా చంపిందట. కొనఊపిరితో ఉంటే టీవీ గొంతు నులిమిందట. ఇప్పుడు సెల్‌ఫోను శవాన్ని కూడా మిగల్చలేదట. అబద్ధం. పచ్చి అబద్ధం. ప్రేక్షకుణ్ణి ఎవరూ ఎత్తుకుపోలేదు. మీరే తరిమేశారు. తరిమిన చేతులతోనే చప్పట్లు కొట్టుకుంటూ, తరిమిన నోటితోనే సంతాపసభలు పెడుతున్నారు.

తరిమిన తీరు కళ్ళారా చూడాలంటే ఏ ఊళ్ళోనైనా ఒక నాటకోత్సవానికి వెళ్ళి కూర్చోండి. ఆహ్వానపత్రిక మీద సాయంత్రం ఆరు గంటలని ఉంటుంది. ఆరున్నరకు మొదటి వరసలో సోఫాలు సర్దుతారు, వాటి మీద తెల్ల తువ్వాళ్ళు పరుస్తారు. ముఖ్య అతిథి రాడు. వచ్చాక జ్యోతి ప్రజ్వలన, ఆ తర్వాత ప్రసంగాలు, ఆ తర్వాత శాలువాలు, ఆ తర్వాత జ్ఞాపికలు, ఆ తర్వాత పేరు మరిచిపోయిన ఇద్దరు ముగ్గురు దాతలకు మళ్ళీ శాలువాలు. తెర లేచేసరికి ఎనిమిది దాటుతుంది. మొదటి రంగం ముగిసీ ముగియకముందే ముఖ్య అతిథి పరివారంతో సహా లేచి, పద్యం మధ్యలో ఉన్న నటుడి కళ్ళముందే బయటికి నడుస్తాడు. ఇక నాటకమంతా ఖాళీ సోఫాల ఎదుట జరుగుతుంది. నిజంగా చూద్దామని బస్సెక్కి వచ్చినవాడు ఇరవయ్యో వరసలో మెడ చాచుకుని కూర్చుంటాడు. మన రంగస్థల రూపకల్పనలో మొదటి గీత ఇదే. చిత్రకారుడు పెన్సిలు పట్టకముందే అధికారం గీసిన గీత.

వేదిక మీద ఏముంది? అక్కడా సోఫానే. ఒక టీపాయి, గోడకు ఒక క్యాలెండరు, ఎడమవైపు వీధి గుమ్మం, కుడివైపు వంటింటి గుమ్మం. స్టేజి అంచున మైకులు, వాటి ముందు వరసగా నిలబడ్డ కుటుంబసభ్యులు. తండ్రి కొడుకుతో మాట్లాడుతూ కొడుకు వైపు చూడడు, మైకు వైపు చూస్తాడు. కన్నీళ్ళొచ్చే చోట నీలం లైటు, కోపం వచ్చే చోట ఎర్ర లైటు. చివర్లో బ్లాకౌట్. రేపు ఇదే సోఫా మీద ఇంకో కుటుంబం కూర్చుంటుంది. ఎల్లుండి ఇంకొకటి. న్యాయనిర్ణేతలు ఈ అద్దె సామానులోంచే ఒకదాన్ని ఎంచి ఉత్తమ రంగాలంకరణ బహుమతి ఇస్తారు. కరపత్రంలో రచయిత పేరు పెద్దక్షరాల్లో, దర్శకుడి పేరు ఇంకా పెద్దక్షరాల్లో ఉంటాయి. సెట్టు కట్టినవాడు, లైట్లు వేసినవాడు, బట్టలు కుట్టినవాడు "సాంకేతిక సహకారం" కింద చీమతలకాయంత అక్షరాల్లో నలుగుతారు.

చెబుతున్నాను, రాసుకోండి. రంగరూపకల్పన అంటే వేదిక మీద వస్తువులు పేర్చడం కాదు. చూసేవాడు ఎక్కడ ఉండాలి, ఎంత దగ్గరగా ఉండాలి, కూర్చోవాలా నడవాలా, కథ జరిగేటప్పుడు వాడి చేతులు ఏం చేయాలి అని తేల్చడం. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పని సెట్టు కోటి రూపాయలది అయినా అది దుకాణం అద్దాల వెనక పెట్టిన సరుకే.

ఇది నేను పడమటి దేశాల నుంచి మోసుకొచ్చిన సిద్ధాంతం కాదు. వేదిక మీద పేరు తలచి దండం పెడతారు చూడండి, ఆ భరతుడే చెప్పాడు. ఆంగికం, వాచికం, సాత్వికంతో సమానంగా ఆహార్యాన్ని నాలుగు అభినయాల్లో ఒకటిగా నిలబెట్టాడు. అలంకారమని అనలేదు, అభినయమన్నాడు. అంటే కిరీటం నటిస్తుంది, తెర నటిస్తుంది, దీపం నటిస్తుంది. నాట్యశాస్త్రంలో కక్ష్యావిభాగమని ఒక ఏర్పాటు ఉంది. నటుడు రంగం మీద ఒక చుట్టు తిరిగితే చాలు, అయోధ్య దండకారణ్యమైపోతుంది. తెర మార్చనక్కర్లేదు, దీపం ఆర్పనక్కర్లేదు. రెండువేల ఏళ్ళ కిందటి ఆలోచన అది. మీరు శ్లోకం చదివారు, నమస్కారం పెట్టారు, పుస్తకం మూసి సోఫా అద్దెకు తెచ్చారు.

ఇప్పుడు నాతో చిత్తూరు వైపు రండి. ధర్మరాజుల గుళ్ళ దగ్గర, ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర ఏటా భారతం జరుగుతుంది. చాలా ఊళ్ళలో అది పద్దెనిమిది రోజుల ఉత్సవం. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఈ రెండూ సరే, ఎక్కడైనా ఉన్నాయనుకుందాం. బకాసుర వధ రోజు ఏం జరుగుతుందో తెలుసా? భీముడు బండెక్కి ఊరి వీధుల్లోకి వస్తాడు. ఇల్లిల్లూ అన్నం తెచ్చి, పిండివంటలు తెచ్చి బండిని నింపుతుంది. ఏకచక్రపురం ఎక్కడుంది? వేదిక మీద అట్టముక్క మీద రాసిన బోర్డులో లేదు. మీ గుమ్మం ముందు ఉంది. మీ గిన్నెలో అన్నమే కథలో అన్నం. రాక్షసుడికి పంపాల్సిన కూడు మీ చేత్తో మీరే బండిలో వేశారు, భీముడు దాన్ని మీ కళ్ళముందే తింటూ పోతున్నాడు. ఇక్కడ నటుడెవరు, ప్రేక్షకుడెవరు, వంట చేసిన ఇల్లాలు ఎవరు?

అర్జునుడి తపస్సు రోజు ఆకాశమే రంగస్థలం. ఊరి బయట ఎత్తైన తపసుమాను నిలబెడతారు. అర్జున వేషధారి పద్యాలు పాడుకుంటూ ఒక్కో మెట్టే ఎక్కుతాడు. కింద బిడ్డల కోసం ఎదురుచూసే ఆడవాళ్ళు తడిబట్టలతో నేల మీద సాగిలపడి ఉంటారు. పైనుంచి నిమ్మకాయలు, విభూతి రాలతాయి. ఆ మాను ఎత్తు కొలిచి, ఎండ ఏ వైపు పడుతుందో చూసి, జనం ఎటు చేరాలో లెక్కగట్టి నిలబెట్టినవాడు ఏ డిజైన్ స్కూల్లోనూ చదవలేదు. వందల తలల్ని ఒకేసారి పైకెత్తించే విద్య అతనిది. మీ హాల్లో ఇరవై స్పాట్ లైట్లు పెట్టినా సాధించలేని ఏకాగ్రతను ఒక కొయ్యతో సాధించాడు.

చివరి రోజు దుర్యోధనుడు నేల మీద పడుకుని ఉంటాడు. మట్టితో చేసిన మహాకాయం. ఊరు ఆ శరీరం చుట్టూ నిలబడుతుంది. భీమ దుర్యోధన వేషాలు దాని చుట్టూ పోరాడతాయి, తొడ పగులుతుంది, ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. ఆ తర్వాత నిప్పులగుండం. అన్నాళ్ళ కథ అక్కడ అరికాలి కిందికి వస్తుంది. ఇంతకు మించిన రూపకల్పన ప్రపంచంలో ఎక్కడైనా ఉంటే చూపించండి. నాతో వాదించండి.

కొమురవెల్లి మల్లన్న దగ్గర శివరాత్రికి వేసే పెద్దపట్నం చూశారా? ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండి వంటి పొడులతో నేల నిండా గంటలకొద్దీ ముగ్గు పరుస్తారు. ప్రతి గీతకూ లెక్క ఉంది, ప్రతి రంగుకూ చోటు ఉంది. అంతా పూర్తయ్యాక జనం ఆ పట్నాన్ని తొక్కుతారు. ఆ పొడిని కొంగులో కట్టుకుని ఇంటికి తీసుకుపోతారు. సెట్టును ప్రేక్షకుడి పాదాలకు అప్పగించి, చెరిగిపోవడంతోనే దాన్ని పూర్తిచేసే ధైర్యం ఏ ఆధునిక రూపశిల్పికి ఉంది? మన ఉత్సవాల్లో సెట్టు దగ్గరికి వెళ్ళి ముట్టుకుంటే వాలంటీరు కుర్రాడు చెయ్యి పట్టి లాగుతాడు.

పల్నాడులో కారంపూడి. నాగులేటి ఒడ్డున వీర్లగుడి. ఏటా కార్తీకంలో అయిదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని ఒక ఊరు తన వీధుల్లో మళ్ళీ నడుపుతుంది. వీరుల ఆయుధాలని నమ్మే కొణతాలను ఆచారవంతులు భుజాన మోస్తారు. బ్రహ్మనాయుడి చాపకూడును గుర్తుచేసుకుని కులాల తేడా లేకుండా కలిసి తింటారు. కూర్చున్న చోటే రాజకీయం, తిన్న ముద్దే సంభాషణ.

ఇక్కడ పండితుడు గొంతు సవరించుకుంటాడు. "అదంతా జాతర, ఆచారం, జానపదం. నాటకం వేరు." ఈ వాక్యం మీద నాకు పాత పగ ఉంది. ఈ ఒక్క వాక్యంతో మీరు తెలుగు రంగస్థలాన్ని నిలువునా చీల్చారు. హాల్లో ఆడితే నాటకం, వీధిలో ఆడితే జానపదం. బహుమతి దానికి, బస్సు చార్జీ దీనికి. మీ నాటక చరిత్ర 1880లో రాజమండ్రిలో కందుకూరి విద్యార్థుల ప్రదర్శనతో మొదలవుతుంది. అంతకుముందు ఊళ్ళకు ఊళ్ళను తెల్లవార్లూ మేలుకొలిపిన చిందువాళ్ళు, ఒగ్గువాళ్ళు, భాగవతులు, బొమ్మలాటవాళ్ళు ఆ చరిత్రకు ముందుమాటలో ఒక పేరా. వాళ్ళ కులాలు చూసి గీసిన గీతకు శాస్త్రమని పేరుపెట్టకండి.

పాత ఊరి ఆట అంతా స్వర్గమని నేను అబద్ధం చెప్పను. ఎవరు ఎక్కడ నిలబడి చూడాలో అక్కడా కులమే నిర్ణయించేది. డప్పు కొట్టినవాడి చెయ్యి కావాలి, వాడి నీడ వద్దు. అందుకే ప్రేక్షకుడి చోటు అనేది అలంకారం సంగతి కాదు, న్యాయం సంగతి అంటున్నాను. మీరు ఆ గీతను చెరిపారా? లేదు. అరుగు మీది దొరను సోఫాలోకి మార్చారు, అంతే. దూరంగా నిలబడ్డవాణ్ణి బాల్కనీలోకి పంపారు. గీత అలాగే ఉంది, దాని మీద ఎర్ర తివాచీ పరిచారు.

ఆ గీతను నిజంగా తొక్కినవాళ్ళు ఒకప్పుడు ఉన్నారు. ప్రజానాట్యమండలి, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన "మాభూమి"ని ఊరూరా ఆడింది. పొలం గురించిన నాటకం పొలం దున్నేవాళ్ళ మధ్యకు వెళ్ళింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆలోచించండి, ఏ ప్రభుత్వమైనా మీ సోఫా నాటకాన్ని ఎప్పుడైనా నిషేధించిందా? ఎందుకు నిషేధిస్తుంది? దానికి గ్రాంటు ఇస్తుంది.

రూపకల్పన అంటే ఖర్చు, మా దగ్గర డబ్బు లేదు అంటారు. సిగ్గుపడండి. కూచిపూడి భామాకలాపంలో ఇద్దరు మనుషులు ఒక తెర పట్టుకుంటారు. ఆ తెర మీదుగా సత్యభామ జడ ఇవతలికి పడుతుంది. మనిషి కనపడలేదు, మాట వినపడలేదు, ఒక్క జడ. ఆమె గర్వం, అందం, సవాలు మొత్తం ప్రేక్షకుల మధ్య వేలాడుతున్నాయి. ఎంత ఖర్చయింది? దివిటీ మీద గుప్పెడు గుగ్గిలం పొడి చల్లితే భగ్గున లేచే మంటలో వేషం ప్రవేశిస్తుంది. ఎంత ఖర్చయింది? లేనిది డబ్బు కాదు, బుర్ర.

తోలుబొమ్మల సంగతి చెప్పనా? మేకతోలును పారదర్శకమయ్యేదాకా శుభ్రం చేసి, రంగులద్ది, నగలున్న చోటల్లా సన్నటి రంధ్రాలు పొడుస్తారు. వెనక దీపం వెలగగానే రావణుడి హారాలు వెలుతురుతో మెరుస్తాయి. వెలుగును చెక్కిన శిల్పులు వీళ్ళు. కథ బిగిసిన సమయానికి బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికి దూకి ఊళ్ళో సంగతులు ఎత్తుతారు. చూసేవాణ్ణి నిద్రపోనివ్వరు. అనంతపురం సీమలోని నిమ్మలకుంటలో ఆ విద్య ఇప్పటికీ బతికి ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ ఊళ్ళో చేతులు ఈరోజు ఎక్కువగా ఏం చేస్తున్నాయి? డ్రాయింగ్ రూములకు ల్యాంప్ షేడ్లు. వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, అది కడుపు సంగతి. కానీ హనుమంతుణ్ణి ఆడించాల్సిన తోలును మీ సోఫా పక్కన దీపం బుట్ట చేసుకుని, పైగా సంస్కృతి పరిరక్షణ గురించి ఉపన్యాసం ఇచ్చే మీకు మాత్రం క్షమాపణ లేదు.

1885లో కడప సీమ సురభి గ్రామంలో "కీచక వధ"తో మొదలైన కుటుంబాలు ఇంకా ఆడుతున్నాయి. "మాయాబజార్"లో మాయలన్నీ మన కళ్ళముందే జరుగుతాయి. తీగలు, తాళ్ళు, కప్పీలు, చుట్టే తెరలు, వాటి వెనక చీకట్లో లెక్క తప్పకుండా లాగే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. తాడు లాగే చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే బాణం బాణాన్ని తాకదు. బి.వి. కారంత్ అంతటివాడు వచ్చి వాళ్ళతో "భీష్మ", "చండీప్రియ", "బస్తీ దేవత యాదమ్మ" చేయించాడు. యాదమ్మ రూపంలో బ్రెహ్ట్ నాటకం సురభి గూటిలో కొత్త ఊపిరి పోసుకుంది. కన్నడ దేశం నుంచి వచ్చినవాడికి కనిపించిన సంపద మన పక్కనే ఉన్న మనకు కనిపించలేదు. మనం ఏం చేశాం? ముసలి తాతను చూడ్డానికి వెళ్ళినట్టు ఏడాదికోసారి వెళ్ళి, పిల్లలకు చూపించి, అయ్యో పాపం అనుకుని వచ్చాం. సురభికి మీ జాలి అవసరం లేదు. మీ నాటకశాఖల్లో పాఠం చెప్పే కుర్చీ కావాలి. కప్పీ లాగిన చేతికి డిగ్రీ లేదని ఆ కుర్చీ ఇవ్వరు. డిగ్రీ ఉన్నవాడికి కప్పీ లాగడం రాదు.

ఇక రెండో గుంపు. వీళ్ళ దగ్గర డబ్బుంది, భాష ఉంది, నాలుగు విమాన ప్రయాణాలు ఉన్నాయి. "ఇమ్మర్సివ్ ఎక్స్‌పీరియన్స్" అనే బోర్డు పెట్టి టికెట్లు అమ్ముతారు. చీకటి గదిలో నాలుగు గోడల మీద ప్రొజెక్టరు బొమ్మలు పాకుతాయి. మీరు మధ్యలో నిలబడి సెల్ఫీ తీసుకుంటారు. మునిగింది ఎవరు? మీ ఫోను. మీరు గట్టు మీదే ఉన్నారు.

ఈ విద్యను నిజంగా సాధన చేసినవాళ్ళు పడమట ఉన్నారు, కాదనను. పంచ్‌డ్రంక్ బృందం మాక్బెత్‌ను ఒక భవనంలోని గదులన్నిటా పరిచి, 2011 నుంచి 2025 ఆరంభం దాకా న్యూయార్క్‌లో ఆడింది. ప్రేక్షకుడు తెల్ల ముసుగు వేసుకుని, నోరు మెదపకుండా, ఇష్టమొచ్చిన నటుడి వెంట తిరుగుతాడు. పట్టుదల ఉన్న పని, గౌరవిస్తాను. కానీ అక్కడ ప్రేక్షకుడు టికెట్ కొన్న ఒంటరి ప్రేతం. చిత్తూరు వీధిలో భీముడికి అన్నం పెట్టిన చుట్టం. ఈ తేడా గ్రహించకుండా ముసుగులు మాత్రం దిగుమతి చేసుకునేవాణ్ణి కళాకారుడని ఎలా పిలవను? రిచర్డ్ షెక్నర్ అనే అమెరికన్ దర్శకుడు 1970ల్లో కాశీ అవతలి ఒడ్డున రామ్‌నగర్ రామ్‌లీలకు వచ్చాడు. నెల పొడవునా మైకులు లేకుండా, జనం రాముడి వెంట ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచే ఆ నాటకం గురించి ఏళ్ళ తరబడి రాశాడు. వాళ్ళు మన గడపకొచ్చి నేర్చుకుంటున్నారు. మనవాళ్ళు వాళ్ళ గడప దగ్గర బ్రోచర్లు ఏరుకుంటున్నారు.

ప్రభుత్వాల తెలివి ఇంకో రకం. గోల్కొండ ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు అవతల, పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. రాతితో కట్టిన ధ్వనియంత్రం ఆ కోట. ఒక చప్పుడు దర్వాజా దగ్గర పుట్టి కొండెక్కి ఎవరి చెవిలో పడుతుందో అనే ఉత్కంఠ చాలు, ఒక రాత్రంతా నాటకం నడపడానికి. జనాన్ని మెట్లు ఎక్కించండి, కొందర్ని కింద ఉంచండి, కొందర్ని పైన ఉంచండి, కోట చేత మాట్లాడించండి. అలా చేశారా? కుర్చీలు వేశారు. రాళ్ళ మీద రంగుల లైట్లు కొట్టి, రికార్డు చేసిన గొంతు వినిపించారు. మాట్లాడగలిగే కోట నోట్లో గుడ్డ కుక్కి, దాని ముందు స్పీకరు పెట్టిన ఈ పనికి పర్యాటకం అని పేరు.

పాఠకుడా, నువ్వు తప్పించుకోకు. ఉచిత ప్రవేశం అంటేనే నాటకానికి వెళతావు. ఆ ఉచితానికి కూడా పాస్ ఎవరిస్తారా అని చూస్తావు. పిల్ల పెళ్ళికి ఒక్కరోజు నిలిచే పూల మంటపానికి లక్షలు పోసి, ఊళ్ళో భారతానికి చందా అడిగితే తలుపు చాటున నిలబడి లేనని చెప్పిస్తావు. సినిమా కోసం కట్టిన రాజ్యాన్ని రామోజీ ఫిల్మ్ సిటీలో టికెట్ కొని మరీ చూసొస్తావు. నీ ఊళ్ళో తపసుమాను నిలబెట్టిన మనిషి పేరు చెప్పు. తెలియదు కదా? ఎల్‌ఈడీ తెర మీద అడవి కదులుతుంటే ఆహా అన్నది నువ్వే. ఆ రోజే తెరల మీద అడవి గీసే చిత్రకారుడు కుంచె కింద పెట్టాడు. ఆ పాపంలో నీకూ వాటా ఉంది.

ఏం చేయాలని అడుగుతున్నారా? కష్టమైనవేమీ లేవు, ఇష్టం లేనివే ఉన్నాయి. ముందు వరసలో సోఫాలు తీసేయండి. శాలువాల గంటను రద్దు చేయండి. చాటుకోవాలనుకుంటే నాటకం అయ్యాక, ఉన్నవాళ్ళ ముందు చాటుకోండి. పోటీల్లో సెట్టుకు మార్కులు వేసే ముందు ఈ నాటకం ప్రేక్షకుడితో ఏం చేసిందని అడగండి. నిమ్మలకుంట నుంచి, సురభి నుంచి, ఒగ్గు పట్నాలు వేసే చేతుల నుంచి విశ్వవిద్యాలయాలకు గురువులను తెచ్చుకోండి. సర్టిఫికెట్ అడక్కండి, ఆచార్యుడి జీతం ఇవ్వండి. మూతపడ్డ సినిమా హాలు, ఖాళీ అయిన పత్తి మిల్లు, రాత్రిపూట బడి, తెల్లవారకముందు రైతుబజారు, అన్నీ రంగస్థలాలే. రైతు ఆత్మహత్య మీద నాటకం రాస్తే దాన్ని మార్కెట్ యార్డులో ఆడండి. బస్తాల మధ్య నిలబడి చూడనివ్వండి. అప్పుడు చెప్పండి ప్రేక్షకుడు రాలేదని.

కుర్రాళ్ళకు ఒక మాట. హాలు దొరకలేదని ఏడవకండి, హాలు దొరకకపోవడం మీ అదృష్టం. బాదల్ సర్కార్ కలకత్తాలో వేదికనే వదిలేసి, మనుషుల మధ్య నేల మీద ఆడాడు. కొత్త నాటకం మొదలెట్టే ముందు కాగితం తీసుకోండి. సోఫా గీయకండి, గుమ్మం గీయకండి. ముందు చూసేవాణ్ణి గీయండి: వాడు ఎక్కడ నిలబడ్డాడు, వాడి పక్కన ఎవరున్నారు, వాడి చేతిలో ఏముంది. ఆ బొమ్మ తేలేదాకా ఒక్క డైలాగు కూడా రాయకండి. అది తేలకపోతే నాటకం వేయకండి. జనాన్ని పిలిచి అవమానించడం కన్నా పిలవకపోవడమే మర్యాద.